జిగురుకు బదులు కలిపింది

చింతామణిలో టమాటాతో ఆరోగ్య పానీయం తయారుచేసే ఒక చిన్న యూనిట్‌లో ల్యాబ్ పని నాది. టమాటా తొక్కలోని ఎర్ర రంగు ఒంటికి మంచిదంటారు. కానీ అది నీళ్లలో కలవదు, నూనెలోనే కరుగుతుంది. ఆ నూనెను కంటికి ఆననంత చిన్న బొట్లుగా చిలికి, ఒక్కో బొట్టు చుట్టూ తుమ్మజిగురు పొర పట్టించాలి. అప్పుడే సీసా మూతి దగ్గర నూనె తేలకుండా ఉంటుంది.

ఒక వారం మంచి జిగురు దొరకలేదు. దానికి బదులు పాల నుంచి తీసిన ప్రోటీన్ పొడి కలిపి ఆరు సీసాలు పట్టి చూశాను. నూనె చక్కగా నిలిచింది. ఆ సంతోషంలో వాటి మీద గుర్తు వేయడం మరిచి, మామూలు సీసాల పక్కనే ఇంకో వరుసగా పెట్టాను.

మర్నాడు మా అక్క బాగేపల్లి నుంచి ఏడేళ్ల కూతురితో మా యూనిట్‌కు వచ్చింది. ఆ పాపకు పాలు పడవు. చిన్నప్పుడు ఒక ముద్ద పెరుగన్నానికే ఊపిరాడక ఆసుపత్రిలో చేరింది. వాళ్లు వెళ్లేముందు, దారిలో పాప తాగడానికని ఒక సీసా తీసి ఇచ్చాను.

"దీంట్లో పాలేమన్నా ఉండాయా?" సీసా అందుకుంటూ అడిగింది అక్క.

"లేదక్కా, తుమ్మజిగురే," అన్నాను, రోజూ అందరికీ చెప్పే మాటే గనుక.

వాళ్లు బస్సెక్కి వెళ్లిన కాసేపటికి ల్యాబ్ సర్దుతూ పరీక్ష సీసాల వరుస చూశాను. ఐదే ఉన్నాయి. అక్కకు ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. మా యజమాని నా ముఖం చూసి, సంగతి సగం వినగానే కారు తాళం తీసుకున్నారు. "ఎక్కమ్మా. పోతా పోతా ఫోన్ చేస్తానే ఉండు."

చేలూరు దాటాక అక్క ఎత్తింది.

"పాప మూతి వాస్తాండాదే. ఒళ్లంతా దద్దుర్లు. ఏమయిందో తెలీలేదు."

"అక్కా, ఆ సీసాలో పాల పొడి ఉండాది. నేనే తప్పు సీసా ఇచ్చినా. బస్సును నేరుగా ఆసుపత్రికి పోనియ్యమను."

అక్క కండక్టర్‌ను కేకేసింది. కండక్టర్ కన్నడలో డ్రైవర్‌ను తొందరపెట్టడం వినిపించింది. ఆ మాటల మధ్య పాప ఊపిరి ఈలలాగా వినిపించింది. ఆ చప్పుడు వినలేకపోయాను, ఫోన్ పెట్టేయలేకపోయాను. కొంతదూరం పోయాక లైను తెగిపోయింది. మళ్లీ కలవలేదు.

మేం బాగేపల్లి ఆసుపత్రి చేరేసరికి పాపకు ఇంజెక్షన్ ఇచ్చి, ముక్కుకు ఆక్సిజన్ పెట్టారు. డాక్టరమ్మ, "ఏం తాగింది?" అని అడిగింది. అక్క నా వైపు చూసింది. అందరి ముందూ ఉన్నది ఉన్నట్టు చెప్పాను. గంట గడిచాక ఊపిరి నెమ్మదించింది. పాప కళ్లు తెరిచి నీళ్లడిగింది. అప్పటిదాకా నిలబడే ఉన్న అక్క గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

"అడిగినా కదే నిన్ను," అంది మెల్లగా. "నీ మాట నమ్మే తాగించినా."



మిగిలిన ఐదు సీసాలూ నేనే పారబోశాను. పాల పొడి ల్యాబ్‌లోకి మళ్లీ రానివ్వలేదు. కలిపినవాటి పేర్లు మీద రాయందే ఇప్పుడు ఏ సీసా నింపను. అక్క చాలా నెలలు మా ఇంటికి రాలేదు. ఇప్పుడు వస్తోంది. పాపకు ఏదైనా పెట్టబోతే అందులో ఏమేముందో ముందు నేనే వరుసగా చెబుతాను. చెప్పడం అయ్యేదాకా అక్క పాప చెయ్యి వదలదు.