బుస కొట్టే కారు

సొంత కష్టంతో కారు కొన్న కొత్తల్లో, రోడ్డు మీద జనమంతా పనులు మానుకుని మనల్నే చూస్తున్నారనిపించే రోజులు కొన్ని ఉంటాయి. నాకు ఆ జబ్బు కాస్త ఎక్కువ మోతాదులోనే ఉండేది. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు ఉద్యోగం, ఎంత తోముకున్నా ఒంటిని వదలని ఘాటు, చేతిలో ఒక సెకండ్‌హ్యాండ్ టర్బో పెట్రోలు కారు. కారు బాగానే పరిగెత్తేది. దాని లోపమల్లా ఒక్కటే, మర్యాదస్తుడిలా చప్పుడు చెయ్యకుండా పరిగెత్తేది. అంత వేగం ఉండీ ఎవరికీ తెలియకపోతే ఏం లాభం?

ఆ లోపాన్ని సరిదిద్దే మహానుభావుడు ఆటోనగర్‌లో దొరికాడు. అందరూ ఆయన్ని బూస్టు బాబాయి అనేవారు. టర్బో అనేది గాలిని బలంగా నొక్కి ఇంజనులోకి పంపుతుంది. యాక్సిలరేటరు మీంచి కాలు తీయగానే ఆ గాలికి దారి మూసుకుపోతుంది. కంపెనీవాళ్లు దాన్ని గుట్టుగా వెనక్కి మళ్లిస్తారు. డంప్ వాల్వ్ అనే మెరిసే డబ్బా బిగిస్తే అదే గాలి 'బుస్స్‌స్' మంటూ బయటికి పోతుంది. (అంటే, ఇంజనీర్లు బుర్రలు బద్దలుకొట్టుకుని అణచిన చప్పుడుని మనం డబ్బిచ్చి మరీ బయటికి లాగించుకోవడం అన్నమాట.) "స్పీడు పెరుగుద్దా బాబాయ్?" అనడిగాను. "పెరగదు. పెరిగినట్టు వినపడుద్ది," అన్నాడాయన నిజాయితీగా. నాక్కావలసిందీ అదే.

బిగించీ బిగించగానే మా ఊరు దర్శికి బయల్దేరాను. ఇంటి ముందు ఘనంగా ఒక బుస వదిలాను. నాన్న బయటికొచ్చి, వంగి టైర్లన్నీ నొక్కి చూసి, "గాలి బానే ఉందే! పంచరు ఎక్కడ పడిందిరా?" అన్నాడు జాలిగా. ఈలోపు ఇంజను కూడా ఆగిపోయింది. ఇల్లొచ్చింది కనక ఆగిందనుకున్నాను. (దారిలో ఇళ్లు లేనిచోట కూడా ఆగింది. కొత్త కదా, అలవాటు పడుతోందిలే అని దాని తరఫున నేనే వాదించుకున్నాను.)

మర్నాడు మా చెల్లెలికి ఒంగోలులో బ్యాంకు ఉద్యోగానికి పరీక్ష. దానికోసం అది పండగా పబ్బం లేకుండా చదివింది. గేటు మూశాక దేవుడొచ్చినా లోపలికి పంపరు. "నేను పొద్దున్నే బస్సుకి పోతాను నాన్నా," అంది. "నా కారుండగా బస్సేంటే? హాయిగా పడుకో. బస్సుకంటే ముందు దింపుతా," అన్నాను. ఆ మాట నమ్మడమే పాపం అది చేసిన తప్పు.

పొద్దున ఊరు దాటాక మొదటి స్పీడు బ్రేకరు దగ్గర కాలు తీశాను. బుస్స్‌స్. ఇంజను ఆగింది. మళ్లీ స్టార్ట్ చేశాను. గేదెలు అడ్డొచ్చాయి. బుస్స్‌స్. ఆగింది. సగం రోడ్డు మీద మిరపకాయలు ఆరబోసినచోట నెమ్మదించాను. ఈసారి ఆగడమే కాదు, నల్లటి పొగ వదిలి, తాళం ఎంత తిప్పినా దగ్గుతూ కూర్చుంది. అంతలో హారన్ కొడుతూ మమ్మల్ని దాటిపోయింది ఒంగోలు బస్సు.

"నేనెక్కాల్సిన బస్సదే," అంది చెల్లెలు. అరవలేదు. అరిచుంటే బాగుండేది.

దిగి బానెట్ ఎత్తించింది. "ఈ డబ్బా కొత్తగా పెట్టించావా?"

"ఊఁ."

"ఎందుకు?"

నా జన్మలో అంత కష్టమైన ప్రశ్న ఏ ఇంటర్వ్యూలోనూ ఎవరూ అడగలేదు. "సౌండు కోసం," అన్నాను.

అది వంగి, ఆ డబ్బాకొచ్చే గొట్టాన్ని వేలితో తడిమి చూసింది. "ఇంజనులోకి ఎంత గాలి పోతందో ముందే లెక్క చూసుకుని కంప్యూటరు పెట్రోలు పోస్తది. ఆ గాలిని నువ్వు మధ్యలో బయటికి ఊదేస్తే, పెట్రోలెక్కువై ఆగక ఏం చేస్తది? ముందు దీని నోరు మూద్దాం. గుడ్డుందా?"

కారు తుడిచే గుడ్డ కుక్కాక ఇంజను ఎలాగో అందుకుంది. మొదటి బుసకే అది ఎగిరి చేలో పడింది. "చొక్కా తియ్యి," అంది.

"కొత్తదే..."

"అన్నయ్యా!"

తీశాను. చొక్కాని వాల్వ్ నోట్లో కుక్కి, దాని చేతులు రెండూ డబ్బాకి చుట్టి, పీటముడి వేసింది. ఆ తర్వాత కారు మళ్లీ మర్యాదస్తుడైంది. పరీక్ష హాలు దగ్గర వాచ్‌మన్ గేటు నెడుతుండగా చేరాం. ఆ సందులోంచి చెల్లెలు దూరిపోయింది. నేను బనీనుతో, బిడ్డల కోసం నిలబడ్డ తల్లిదండ్రుల మధ్య మిగిలాను.

"ఏం బాబూ, దారిలో దొంగలేమన్నా పడ్డారా?" అనడిగాడో పెద్దాయన.

"లేదండీ, కారుకి తొడిగాను."

ఆయన రెండడుగులు వెనక్కి వేసి, దూరం నుంచే తన కండువా అందించాడు.

పరీక్ష నుంచి చెల్లెలు వెలిగిపోతూ వచ్చింది. తిరిగొస్తుంటే ఖాళీ రోడ్డు మీద ఉన్నట్టుండి, "అన్నయ్యా, ఆ చొక్కా తీసి ఒక్కసారి వినిపించు. పొద్దున టెన్షన్‌లో సరిగ్గా విన్లేదు," అంది. వినిపించాను. బుస్స్‌స్. ఇంజను ఆగిపోయింది. ఆ చేల మధ్య ఇద్దరం కడుపులు పట్టుకుని నవ్వాం.

ఆ ఉద్యోగం దానికి వచ్చింది. ఇప్పుడు మేనేజరు. నాకు బట్టతలా, బుద్ధిగా నడిచే ఆటోమేటిక్ కారూ వచ్చాయి. ఎప్పుడైనా రోడ్డు ఖాళీగా ఉండి, పక్కన ఎవరూ లేకపోతే, యాక్సిలరేటరు మీంచి కాలు తీసి, అద్దాలన్నీ మూసున్నాయో లేదో చూసుకుని, నోటితోనే మెల్లగా 'బుస్స్‌స్' అంటాను.