దూరం దొరికింది

చర్ల దగ్గర మొక్కజొన్న వేసే అంతోనయ్య మెడలో సిలువ పక్కనే ఇప్పుడు వేటగాళ్ల లేజర్ యంత్రం వేలాడుతోంది. సబ్బుబిళ్లంతే ఉంటుంది, మీట నొక్కితే ఎదుటిదాని దూరం చెబుతుంది. తమ్ముడు దుబాయ్ నుంచి తెచ్చాడు. ఎన్నికలొచ్చాయని లైసెన్సు తుపాకీని మాత్రం పోలీసులు స్టేషన్లో పెట్టించుకున్నారు. అయినా ఆయన ఒక కన్ను మూసి, నాలుక పళ్ల మధ్య బిగించి, చర్చి గంటనూ, గేదెనూ, బిందెతో వస్తున్న భార్య విశ్రాంతమ్మనూ కొలుస్తూనే ఉంటాడు.

"ఏందయ్యా, నేనేమన్న పందినా?" అంటుందామె.

నిన్న సాయంత్రం నిజంగానే చేలో అడవిపంది దిగింది. యంత్రాన్ని కంటికి ఆనించి మీట నొక్కాడు.

"దొరికింది! ఎనభై గజాలు!" చేనంతా అదిరేలా అరిచాడు.

పంది కంకి వదిలేసి అడవిలోకి ఉరికింది.

అంతోనయ్య యంత్రాన్ని ముద్దు పెట్టుకుని, గట్టు మీదున్న భార్య వైపు తిరిగాడు. "చూసినవా, తుపాకీ లేకుండనే పనిచేసింది!"