ఇబ్రి దాటాక, చమురు పారని పైపు వెంట

మా అక్క భర్త మల్లేశం బావ వెల్డర్. జగిత్యాల నుంచి ఒమాన్ వచ్చిందే, పక్క దేశపు ముడి చమురును ఇక్కడి తీరానికి చేర్చే పైపులైను పని కోసం. అది సగంలో రద్దయింది. బావ సహం అనే ఊళ్లో బిల్డింగ్ సైట్లలో పడ్డాడు. మిగిలిన పైపులను ఇప్పుడు జాయింట్ల దగ్గర కోసి తరలిస్తున్నారని ట్రైలర్ డ్రైవర్ మస్తాన్ భాయ్ ఫోన్ చేశాడు. "నా జాయింట్ కొయ్యకముందే ఒక్కసారి జూడాలె, బామ్మర్ది" అని బావ ఒకటే పట్టు.

బావ ముందురోజే నా గదికి వచ్చాడు. శనివారం తెల్లవారుతుండగా నేనుండే బౌషర్‌లో బయలుదేరాం. ఫోర్‌వీల్ బండి అద్దె రోజుకు ముప్పై రియాళ్లు. నిజ్వా మీదుగా ఇబ్రికి దాదాపు మూడు గంటలు. రోడ్డు ఎంత నున్నగా ఉంటుందంటే కునుకు పట్టేస్తుంది, జాగ్రత్త. ఇబ్రిలో పరాటా, కరక్ చాయ్ కానిచ్చాం. కడప మనిషి మస్తాన్ భాయ్ అక్కడే కలిశాడు. "నా బండెనకాలే రాండి. ఇసకలో దిగినారంటే ఇంగ అంతే!" అని ముందే బెదిరించాడు.

కంకర దారిలో ఇంకో గంట పోయి దిబ్బ ఎక్కాం. అమ్మో! నా ఛాతీ ఎత్తు పైపు, సరిహద్దు వైపు, చూపు ఆనినంత దూరం. ఇదంతా మనుషులే అతికారా? అతికినవాళ్లలో ఒకడు నా పక్కనే నిలబడి జాయింట్లు లెక్కపెడుతున్నాడు.

వెల్డర్లు ప్రతి జాయింటు పక్కనా తమ నంబరు రాస్తారట. పైవైపు రాసినవన్నీ ఎండకు వెలిసిపోయాయి. బావ తను పనిచేసిన వరసలో ఒక్కో జాయింటు కింద ఇసుక తోడుతూ పోయాడు. ఒకచోట పసుపు అంకెలు బయటపడ్డాయి. "గిదే! నాదే గిది!" రెండు చేతులూ ఇనుముకు ఆనించి కళ్లకద్దుకున్నాడు. తీరా చూస్తే దాని మీద కూడా కోతకు సుద్దగీత ఉంది. బావ ముఖం వాడిపోయింది.

మస్తాన్ భాయ్ గ్యాస్ కట్టర్ పట్టుకున్న బిహారీ మనిషిని పిలిచి హిందీలో సంగతి చెప్పాడు. అతను నంబరు చూశాడు, బావ చేతుల మీద కాలిన మచ్చలు చూశాడు. తన మచ్చలూ చూపించి నవ్వాడు. సుద్దగీత చెరిపి, సగం పైపు పొడవు అవతల కొత్తది గీశాడు. బావ జాయింటు మధ్యలో భద్రంగా మిగిలింది.

"ఇది యాడికి తీస్కపోతవ్, భాయ్?" అని బావ మస్తాన్ భాయ్‌ని అడిగాడు.

"ఖురియాత్‌కు. వాగు మీద రోడ్డేస్తాండారు, దాని కింద పెడతారంట. వానొస్తే నీళ్లన్నీ దీంట్లోనే పోతాయి."

దేశాలు మాట్లాడుకుని మొదలుపెట్టి, వద్దనుకుని వదిలేసిన పని అది. అంత పెద్దదాని ముందు నేనెంత అనిపించింది. బావ మాత్రం దాన్ని సొంత పొలం చూసుకున్నట్టు చూసుకున్నాడు. వెళ్లేవాళ్లకు ఒకటే సలహా: ఒమాన్‌లో వాన పడుతుంటే వాగులు దాటకండి, నీరు తగ్గేదాకా ఆగండి. మా బావ మాత్రం ఇప్పుడు ఖురియాత్‌లో పడే వాన కోసమే ఎదురుచూస్తున్నాడు.