మూడంతస్తుల కేకు, బోనాల సోమవారం

ఇది ఒక మహాయాత్ర కథ. ఇందులో డప్పులున్నాయి, కొరడా ఝళిపించే పోతురాజు ఉన్నాడు, లాఠీలతో పోలీసులున్నారు, జనాన్ని చీల్చుకుంటూ నడిచిన ఒక వీరనారి ఉంది. ఆరు కాండలుగా రాద్దామని దస్తా కాగితాలు కూడా కొన్నాను. తీరా కూర్చుని చూస్తే జరిగిందల్లా ఒక కేకు రోడ్డు దాటడం. మిగిలిన కాగితాలు అమ్మ పచ్చడి జాడీల మూతలకింద వాడుకుంది.

డెబ్బైల్లో సంగతి. మేము గౌలిపురలో ఉండేవాళ్లం. మా గల్లీలో బర్రెలు ఎక్కువ, క్రైస్తవులం తక్కువ. బాపు సర్కారు ఫ్యాక్టరీలో వడ్రంగి. అక్క టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పేది. నాకు అప్పుడు పంతొమ్మిదేళ్లు, ఇంటర్ రెండోసారి చదువుతున్నాను, అంటే మనిషిని ఖాళీగానే ఉన్నాను.

అక్కకు సంతోష్‌నగర్ సంబంధం కుదిరింది. పెళ్లికొడుకు మెత్తని మనిషి. ఆ మెత్తదనమంతా అతని మేనత్త గట్టిదనం వల్ల వచ్చిందని మొదటిరోజే అర్థమైంది. మాటాముచ్చటకు వచ్చి, చాయ్ తాగి, కప్పు కింద పెడుతూ ఆమె అడిగింది.

"మా పెద్దపిల్ల పెండ్లికి మూడంతస్తుల కేకు కోసినం. మీ దిక్కు ఎన్నంతస్తులు?"

బాపు నోరు తెరిచేలోపే తలుపు చాటునుంచి అక్క "మూడు" అంది.

వాళ్లు వెళ్లాక బాపు అక్కవైపు చూశాడు. "మనం ఉండే ఇంటికే ఒక్క అంతస్తున్నది బిడ్డా. కేకుకు మూడెందుకు?"

"నోట్లకెళ్లి వచ్చింది బాపు. ఇప్పుడు రెండంటే నా ఇజ్జత్ ఏమైతది? నేను పోయి ఉండేది ఆమె ఇంట్లనే గదా."

అది నిజం. మేనత్త వాళ్లతోనే ఉంటుంది. ఆ ఒక్క మాట నిలబడకపోతే అక్క కాపురమంతా ఆ కేకు గురించే వింటూ ఉండాలి. అక్క రెండురోజులు అన్నం సరిగ్గా తినలేదు. మూడోరోజు తింది, ఎందుకంటే చేపల పులుసు.

బాపు ఆలోచించాడు. వడ్రంగికి ఏ సమస్య వచ్చినా జవాబు కట్టెలోనే కనిపిస్తుంది. ఆదివారం ఆరాధన అయ్యాక ఇంటికొచ్చి, పాత టేకు దూలం కోసి, పలకలు జతచేసి, రెండు గుండ్రని దిమ్మలు తయారు చేశాడు. ఒకటి పెద్దది, ఒకటి దానికంటే చిన్నది. ఒకదానిమీద ఒకటి పెట్టి మేకులు కొట్టాడు. "కింది రెండు గివి. మీదిది కేకు. అన్నిటికీ ఐసింగ్. పెండ్లినాడు కోసేది మీదిదే. ఎవడు చూడొచ్చిండు?"

మైదా, గుడ్లు, చక్కెర, డాల్డా మనమే తీసుకెళితే మా దగ్గరి బేకరీలో భట్టీలో కాల్చి ఇచ్చేవాళ్లు. ఆ బేకరీ భాయ్ ముందు దిమ్మలు పెట్టాను. ఆయన గడ్డం గోక్కుంటూ వాటిచుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఏ క్యా హై మియా? లకడీ కూ క్రీమ్?"

"ఖాందాన్ కీ ఇజ్జత్ కా సవాల్ హై భాయ్" అన్నాను. కట్టెకు క్రీమేమిటని ఆయన ప్రశ్న, ఇంటి పరువు సంగతని నా జవాబు.

"ఫికర్ నై. దర్వాజా లాకే దియే తో ఉస్‌కూ భీ లగా దేతుం" అన్నాడు. తలుపు తెచ్చినా క్రీము పూస్తాడట. అలాంటి మనిషి దొరకడం అదృష్టం.

ఇక పూలు, అవీ చవగ్గా రావాలి. ఇక్కడ బాపు తెలివి ఆకాశాన్ని తాకింది, మేము కిందపడ్డాం. పెళ్లి ఆషాఢంలో పెట్టాడు. "ఆషాఢంల హిందువులు పెండ్లిళ్లు చెయ్యరు. మనకా పట్టింపు లేదు. పూలు అడిగేటోడే ఉండడు, అగ్గువకు అగ్గువ. పాస్టరయ్యకు సోమవారం సెలవు. సోమవారం ఖాయం."

"ఆషాఢంల బోనాలుంటయి గద బాపు?" అన్నాను.

"బోనాలు ఆదివారం. ఆదివారం పక్కింట్ల తింటం, సోమవారం మనింట్ల తింటం. ఏంది కష్టం?"

ఫ్యాక్టరీలో చేరినప్పటినుంచి గౌలిపురలో ఉన్న మనిషి. ప్రతి ఏడూ బోనాల ఆదివారం పక్కింటి పాల పెద్దమ్మ ఇంట్లో కడుపునిండా తిని, సోమవారం పొద్దున్నే ఫ్యాక్టరీ బస్సెక్కి పోయేవాడు. రాత్రికి తిరిగొచ్చేసరికి గల్లీ ఊడ్చేసి ఉండేది. సోమవారం మధ్యాహ్నం అమ్మవారి ఘటాల ఊరేగింపు రోడ్డంతా నింపేస్తుందని ఆయన ఇరవై ఏళ్లలో ఒక్కసారీ చూడలేదు. అమ్మకు తెలుసు. కానీ అమ్మను ఎవరూ అడగలేదు. నాకూ తెలుసు. కానీ నా మాట మా ఇంట్లో నేనే పెద్దగా పట్టించుకునేవాణ్ని కాదు.

ఆదివారం పొద్దున సంచులు పట్టుకుని జాంబాగ్ పూల మార్కెట్‌కు వెళ్లాను. అక్కడ జనం, గోల. బంతిపూలు బంగారంలా తూస్తున్నారు. మల్లెలు కనబడలేదు. "అన్నా, ఆషాఢం గదా, అగ్గువకు ఇస్తవని వచ్చిన" అన్నాను.

పూలాయన తూకం ఆపి నన్ను తేరిపార చూశాడు. "బోనాలనాడు అగ్గువ పూలా? ఏ ఊరన్నా నీది, బెజవాడనా?"

గౌలిపుర అని చెప్పుకునే ముఖం లేక, అవును, బెజవాడే అన్నాను.

అక్క చేతిలో పట్టుకోవడానికి సరిపడా లిల్లీపూలు మాత్రం తెచ్చాను. చర్చికి పూలు లేవు. అమ్మ కంగారుపడుతుంటే పాల పెద్దమ్మ గోడమీదుగా విని, తన ఇంట్లో మిగిలిన వేపకొమ్మలు, నాలుగు బంతిదండలు మోపుకట్టి ఇచ్చింది. సోమవారం పొద్దున నేనూ బాపూ వాటిని చర్చి గుమ్మానికీ, కిటికీలకూ, బల్లలకూ కట్టేశాం. పాస్టరయ్య వచ్చి లోపలంతా కలియజూసి, గట్టిగా ఊపిరి పీల్చి, "మంచిదే. ఇయ్యాల దోమలుండవు" అన్నాడు.

నాలుగింటికి పెళ్లి. అమ్మా అక్కా ముందే చర్చికి వెళ్లారు. మూడింటికి బేకరీనుంచి కేకు ఎత్తుకుని రిక్షాలో పెట్టాం. తెల్లటి ఐసింగ్, గులాబీరంగు పూలు, మూడంతస్తులు. ఏది కట్టెదో ఏది కేకుదో కన్నతండ్రి బాపుకే తెలియలేదు. రిక్షా మూలమలుపు తిరిగిందో లేదో, పోలీసాయన లాఠీ అడ్డంపెట్టాడు.

"ఊరేగింపు పోయేదాంక బండ్లు బంద్."

"ఎంతసేపు సార్?"

"దీపాలు పెట్టేదాంక."

రోడ్డుకు అటు చర్చి, ఇటు మేము, మధ్యలో సగం పాతబస్తీ. బాపు ముఖం చూస్తే నాకు మొదటిసారి జోకు రాలేదు. "బిడ్డ మాట పాయె" అన్నాడు నెమ్మదిగా. పైన ఎండ. ఐసింగ్ పూల అంచులు మెత్తబడుతున్నాయి.

అప్పుడే పాల పెద్దమ్మ ఊరేగింపు చూడ్డానికి వచ్చింది. ముఖాన పసుపు, నిన్న బోనం మోసిన అలసట. "ఏంది లొల్లి?" అంది. చెప్పాం.

"గింతేనా? నెత్తిమీద పెట్టుండ్రి."

"పెద్దమ్మా, మస్తు బరువుంటది."

"బిందెలు మోసిన, గడ్డిమోపులు మోసిన, నిన్న బోనం మోసిన. నీ మిఠాయి నాకో బరువా?"

తువ్వాలు చుట్టగా చుట్టి తలమీద పెట్టుకుని కూర్చుంది. నేనూ బాపూ కేకు ఎత్తి పెట్టాం. ఆమె లేచింది. ఒక చెయ్యి పైకి, ఒక చెయ్యి నడుం మీద. పోలీసాయన ఆమెను చూశాడు, కేకును చూశాడు, లాఠీ తీసి పక్కకు జరిగాడు. నెత్తిమీద ఏదో మోస్తూ వచ్చే ఆడమనిషిని బోనాలనాడు ఆపే ధైర్యం ఏ డిపార్ట్‌మెంటుకు ఉంది?

జనం పాయలుగా విడిపోయారు. ఒకామె చెంబెడు నీళ్లు తెచ్చి పెద్దమ్మ కాళ్లమీద పోసింది. ఇంకొకామె పసుపు రాసింది. డప్పులవాళ్లు ఇటు తిరిగి దరువు మార్చారు. ఒళ్లంతా పసుపు పూసుకుని, గజ్జెలు కట్టుకున్న పోతురాజు ఎగురుతూ వచ్చి కేకు ముందు నిలబడి కొరడా ఝళిపించాడు. దారి చర్చిదాకా తెరుచుకుంది. కేకుకు ఎండ తగలకుండా బాపు గొడుగు పట్టాడు. నేను పక్కనే నడుస్తూ, నవ్వు ఆపుకోలేక దగ్గుతున్నట్టు నటించాను. బాపు నటించలేదు, నవ్వేశాడు.

మధ్యలో ఒక ముసలమ్మ భక్తిగా వేపరెమ్మ తెచ్చి నడిమి అంతస్తులో గుచ్చబోయింది. రెమ్మ వంగింది. మళ్లీ గుచ్చింది. విరిగింది.

"గింత గట్టిగున్నదేంది బిడ్డా?"

"బాగా కాలింది అవ్వా" అన్నాను.

చర్చి గేటుదగ్గర పోతురాజు చెమట తుడుచుకుంటూ నా చెవిలో అడిగాడు. "అన్నా, గిదేం బోనం?"

"పెండ్లి కేకు భాయ్."

"అట్లనా! ఓ ముక్క దాచిపెట్టు. ఊరేగింపు అయినంక వస్త."

గేటులోపల మగపెళ్లివాళ్లంతా నిలబడి చూస్తున్నారు. ముందు మేనత్త. కిటికీలోంచి తెల్లచీరలో అక్క, రెండు చేతులూ నోటిమీద. డప్పులతో, పోతురాజుతో, పసుపునీళ్లతో వచ్చిన కేకును సంతోష్‌నగర్ అంతకుముందు చూసి ఉండదు. కేకును బల్లమీద దించాం. పాల పెద్దమ్మ మెడ పట్టుకుని అందరికీ వినబడేలా అంది.

"అమ్మో నా మెడ! గిది కేకా, కట్టెనా?"

డప్పులు కూడా ఆగినట్టనిపించింది. మేనత్త నెమ్మదిగా వచ్చింది. వంగి అడుగు అంతస్తును వేలితో కొట్టింది. టక్. అక్క కళ్లు మూసుకుంది. బాపు గొడుగు మూసుకున్నాడు.

మేనత్త నిటారుగా నిలబడింది. "సరుకు గట్టిది. మంచి కేకు" అంది.

పెళ్లయింది. కత్తి పట్టుకున్న పెళ్లికొడుకు చెయ్యి పొరపాటున నడిమి అంతస్తుకు పోతుంటే, మేనత్తే ఆ చెయ్యి పట్టి పైకి పెట్టింది. "మీదిదే కొయ్యాలె. కిందియి ఇంటికి." ఆ ఒక్క అంతస్తునే అమ్మ నూటయాభై మందికి పంచింది. ఒక్కొక్కరికి జీడిపప్పంత ముక్క వచ్చింది. పోతురాజు నిజంగానే వచ్చాడు, అతనికి రెండు జీడిపప్పులంత ఇచ్చాను.

అక్క మాట నిలబడిందని మేము వారం రోజులు గర్వంగా తిరిగాం. ఎనిమిదో రోజు మేనత్త ఒక్కతే మా ఇంటికి వచ్చింది. చాయ్ తాగింది. కప్పు కింద పెట్టి, గొంతు తగ్గించి అమ్మతో అంది.

"వదినా, ఆ దిమ్మలు ఉన్నయా? మా చిన్నపిల్ల పెండ్లి దగ్గరికొచ్చింది. పెద్దపిల్ల పెండ్లప్పటి మా దిమ్మలకు చెదలు పట్టినయి."

అమ్మ బాపువైపు చూసింది. బాపు నావైపు చూశాడు. నేను పెరట్లోకి పోయి దిమ్మలు తెచ్చి ఆమె ముందు పెట్టాను. రెండుసార్లు కడిగినా ఇంకా అక్కడక్కడా తెల్లగా ఉన్నాయి. మేనత్త గోటితో గీకి చూసి తల ఊపింది.

"చన్నీళ్లతోని కడిగిన్రా? చన్నీళ్లకు ఐసింగ్ పోదు. వేడినీళ్లు పోయాలె."