ఒకే పెళ్లికొడుకు, మూడు హాళ్లు

ఒకే ముహూర్తానికి ఒకే పెళ్లికొడుకుకు మూడు హాళ్లలో పెళ్లి పెట్టించిన మహానుభావుణ్ణి మీరెక్కడా చూసి ఉండరు. ఇదిగో, నేనే. మీరు హాయిగా నవ్వుకోండి. ఆ రోజు మెట్ల మీద పరిగెత్తింది మాత్రం నేను.

అప్పట్లో తిరుచానూరులో ఒక కల్యాణ మండపంలో కంప్యూటర్లు చూసుకునేవాణ్ణి. అంతస్తుకో హాలు, హాలు గుమ్మానికో టీవీ బోర్డు, దాని వెనక ఒక బుల్లి కంప్యూటర్. పెళ్లివారి పేర్లు మార్చాలంటే మెట్లెక్కి ఒక్కోదాని దగ్గరికీ పోవాలి. నా మోకాళ్లు బాగానే ఉన్నాయి గానీ, కొత్తగా నేర్చుకున్న పైథాన్ ప్రోగ్రామింగ్ ఊరుకోనిస్తేనా! ఎస్.ఎస్.హెచ్ అనే భద్రమైన దారిలో, ఆఫీసు నుంచే మూడు కంప్యూటర్లలోకీ దూరి పేర్లు రాసివచ్చే ప్రోగ్రాం తయారుచేశాను. ముందు ఒక్క హాలులో పరీక్షించాలన్న ఆలోచన రాలేదా అంటారా? అలాంటివి తెలివైనవాళ్లకు వస్తాయి.

"మునిరత్నమన్నా, ఒక్క మీట నొక్కితే మూడు బోర్డులూ మారిపోతాయి సూడు!" అన్నాను యజమానితో, మూడు హాళ్లలోనూ మూడు పెళ్లిళ్లున్న రోజున.

"ముహూర్తం పూట ఈ ప్రయోగాలెందుకప్పా?"

"నువ్వు కాఫీ తాగుతా ఉండన్నా."

ఆయన సగం గ్లాసు కూడా తాగలేదు. పట్టుపంచె ఎగ్గట్టుకుని ఒక పెద్దాయన లోపలికి దూసుకొచ్చాడు. పాకాల పెళ్లికొడుకు మేనమామ.

"ఏమప్పా, మా మోహన్‌కి ఎన్ని పెండ్లిండ్లు సేస్తా ఉండారు మీరు? యాడ సూసినా వాడి పేరే ఉండాది!"

దారులు మూడూ చక్కగానే తెరుచుకున్నాయి. మూడింటికీ మోసుకెళ్లిన పేర్లు మాత్రం ఒకటే, మోహన్‌ పెళ్లివి. పై అంతస్తు సత్యవేడు పెళ్లివారు తమ హాలు ముందే నిలబడి తమ హాలెక్కడని అడుగుతున్నారు. అసలు ఘోరం వేరే ఉంది.

"మా పెండ్లి అయ్యోరు యాడ?" అన్నాడు మేనమామ. "బోర్డు సూసి యాడికో పోయినాడు! ఆడ పీటల మీద పిల్లోడు ఒక్కడే కూసోనుండాడు!"

చెమటలు కక్కుతూ ప్రోగ్రాం సరిదిద్ది మళ్లీ నొక్కాను. పాత పేర్లు తుడిచి కొత్తవి రాయమన్నాను. రాయడం అయ్యేదాకా ఆగకుండా కనెక్షన్ మూసేశాను. మూడు బోర్డులూ అప్పుడే కొండ మీద మొక్కు తీర్చుకుని వచ్చిన గుండ్లలా నున్నగా మెరిశాయి.

మేనమామ మళ్లీ ప్రత్యక్షం. "ఇందాక మూడు పెండ్లిండ్లు సేస్తిరి. ఇప్పుడు ఒగటి గూడా లేకుండా సేస్తిరి గదప్పా!"

మునిరత్నం గ్లాసు ఠపీమని బల్ల మీద పెట్టాడు. "ఆ పెట్టె మూసెయ్. కాళ్లుండాయి గదా, పరిగెత్తు!"

పరిగెత్తాను. పై అంతస్తులో సత్యవేడువారి పెళ్లికూతురి ముందు ఇద్దరు పురోహితులు "ఇది నా పెండ్లి", "కాదు, నాది" అని వాదించుకుంటున్నారు. మోహన్ తాలూకు అయ్యవారి చెయ్యి పట్టి కిందికి లాక్కొచ్చాను. తాళి ముహూర్తానికే పడింది. ఆయన మంత్రాల్లో సగం ఆయాసమే.

ఇక భోజనాలు. పాకాల బంధువులు సగం మంది సత్యవేడువారి పంక్తిలో కూర్చుని, ఆకులు మడిచాక గానీ సంగతి తెలుసుకోలేదు. నన్ను తన్నకుండా వదిలారు. పెళ్లి భోజనం మహిమ.

కొన్నాళ్లకు ఆ మేనమామ సత్యవేడు పెద్దాయనను వెంటబెట్టుకుని మళ్లీ వచ్చాడు. నేను బల్ల కిందికి దూరబోయాను.

"దాక్కోవాకప్పా! ఆ పొద్దు తప్పు పంక్తిలో కూసుంటిమే, ఆడనే మా పాపకు ఈయన కొడుకు కుదిరినాడు. హాలు కావాల."

మునిరత్నం నవ్వాడు. "మరి బోర్డు?"

"అది మాత్రం ఈ అబ్బితో వొద్దు!" అన్నారు వియ్యంకులిద్దరూ ఒక్క గొంతుతో.

అందుకే సకల వధూవరుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఒక్క హాలులో సరిచూసుకోనిదే ఇకమీదట మూడు హాళ్ల జోలికి పోను. పని పూర్తయిందో లేదో చూడనిదే కనెక్షన్ మూయను. సంబంధాలు కుదర్చమంటే మాత్రం, ఆలోచిస్తాను.