సముద్రం నుంచి పంతొమ్మిది వెలుగులు

మొన్న ఆత్మకూరు పోస్టాఫీసు అరుగు మీద కూర్చుని పత్రిక తిరగేస్తుంటే ఒక మూల నాలుగు పంక్తుల వార్త కంటబడింది. నడిసముద్రంలో పోతున్న ఓడ ఒకటి, తీగ అనేదే లేకుండా, ఎంతో దూరాన ఉన్న తీరానికి కబురు చేరవేసిందట. పక్కన నిలబడ్డ బంట్రోతుకి చదివి వినిపించాను. "తీగ లేకండా కబురు పోయేదేంది సామీ, రాసేవాడికన్నా బుద్ధుండొద్దా" అన్నాడు. ఊరూరా సభలు పెట్టి "రుజువు చూపించు, తరువాత మాట్లాడు" అని గొంతు చించుకున్నవాణ్ణి నేను. ఆ మాట అతనికంటే ముందు నేను అనాలి. అనలేకపోయాను. తీగ లేని కబురు ఒకటి అరవై మైళ్ళు దాటి రావడం నలభై ఏళ్ళ కింద ఉదయగిరి దుర్గం మీద నిలబడి నా కళ్ళతో చూశాను.

ఆ కబురు పంపినవాడు మా చిన్నాయన. నెల్లూరు తంతి ఆఫీసులో చాలా ఏళ్ళు మీట నొక్కిన మనిషి. మాటలు తక్కువ, వేళ్ళు మాత్రం ఊరుకునేవి కావు. అన్నం ముందు కూర్చున్నా పీట మీద టకటకలాడిస్తూ ఉండేవాడు. "వాడు కూడు తింటా ఎవురికో చాడీలు చెప్తా ఉండాడు" అని మా అవ్వ వేళాకోళం చేసేది. ధాత సంవత్సరపు కరువు వచ్చినప్పుడు ఆయన నెల్లూరులో ఉన్నాడు, మా పిన్నమ్మ ఉదయగిరిలో అవ్వ దగ్గర ఉంది. ఊళ్ళో గింజ అయిపోయింది. పడమటి సీమలో జొన్నలు దొరుకుతాయని ఎవరో అంటే ఉన్న బండ్లన్నీ మర్రిపాడు మీదుగా బద్వేలు దారి పట్టాయి. సరిగ్గా ఆ వారమే తూర్పున రేవులో బియ్యం ఓడలు దిగాయి. ఆ సంగతి చెన్నపట్నానికి తంతి కొట్టింది మా చిన్నాయనే. అక్కడికి నిమిషంలో చేరింది. నెల్లూరు నుంచి ఉదయగిరికి మాత్రం కబురు కాలినడకన వచ్చేది; తొమ్మిదో రోజున వచ్చింది. అప్పటికి బండ్లు కనుమ దాటిపోయాయి. అవి ఒట్టి గోతాలతో తిరిగొచ్చేసరికి పిన్నమ్మ లేదు. చిన్నాయన ఆ ఉద్యోగం ఇక చెయ్యలేదు. ఇంటికొచ్చి, ఏడాది పాటు అరుగు మీద కూర్చున్నాడు.

ఆయన్ని అరుగు మీద నుంచి లేపింది కాబూలు యుద్ధం. సిపాయిలు ఒక కొండ నుంచి ఇంకో కొండకి ఎండను అద్దంలో పట్టి మాట్లాడుకుంటున్నారని పత్రికలో పడింది. అద్దం చటుక్కున మెరిసి ఆరితే ఒక గుర్తు, కాసేపు నిలిచి మెరిస్తే ఇంకో గుర్తు. తంతి మీటకీ దానికీ తేడా లేదు. చిన్నాయన ఆ కాగితం పట్టుకుని ఆత్మకూరులో నా బడికి వచ్చాడు. పెన్న సముద్రంలో కలిసేచోట ఒక ఇసుక దీవి ఉందని, చేపలు పట్టే పట్టపువాళ్ళ గుడిసెలు నాలుగు తప్ప అక్కడేమీ లేవని, రేవుకొచ్చే ఓడ అక్కడికి కనబడుతుందని, గాలి తేటగా ఉన్న రోజున మన దుర్గం నెత్తి కూడా నీలిగీతలా కనబడుతుందని చెప్పాడు. దుర్గం మీద ఒక అద్దం, దీవిలో ఒక అద్దం. ఒక్కసారి చేసి చూపించి, చూసిన పెద్దలచేత వేలుముద్రలూ చేవ్రాళ్ళూ పెట్టించి కలెక్టరుకు అర్జీ ఇస్తే, రెండు చోట్లా ఇద్దరు మనుషుల్ని పెట్టమని అడగవచ్చు. మళ్ళీ కరువొస్తే గింజ ఎక్కడ దిగిందో ఉదయగిరికి ఆ పూటే తెలుస్తుంది. ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం నేనెన్నడూ వినలేదు.

అప్పుడు నాకు ఇరవైమూడేళ్ళు. బడిపంతులు ఉద్యోగం కొత్త, వాదాల పిచ్చి ముదురు. శనివారం శనివారం బడి వసారాలో మా చర్చాసమాజం కూడేది. వితంతు వివాహం మీద, చిలకజోస్యం మీద, దయ్యాల మీద ఉన్న పదకొండు మందిమీ రెండు జట్లుగా విడిపోయి పొద్దుగూకేదాకా కొట్లాడుకునేవాళ్ళం. చిన్నాయన అద్దం నాకు దేవుడిచ్చిన ఆయుధంలా కనిపించింది. అప్పట్లో ఆ మాట అనేవాణ్ణి కాదనుకోండి. ఉదయగిరి కచేరీ ముందర సభ పెట్టి, ప్రకృతి సూత్రాల గురించీ మూఢాచారాల గురించీ రెండు గంటలు ఉపన్యసించి చందా అడిగాను. ఒక రూపాయి, రెండు గుమ్మడికాయలు వచ్చాయి. ఆ రూపాయి కూడా మా అవ్వదే.

చెక్కపని మాత్రం చందా లేకుండానే అయింది. ఉదయగిరిలో నర్ది చెక్కతో గరిటెలు, దువ్వెనలు చేసే ఒక ఉస్తాదు ఉండేవాడు. అద్దం అన్ని వైపులకీ తిరిగి, తిప్పినచోట బిగుసుకుని నిలిచే చట్రం కావాలని చిన్నాయన నేల మీద గీసి చూపించాడు. ఉస్తాదు ఆ గీతని కాలితో చెరిపేసి, "నువ్వు గీయబాక. ఏం పని చెయ్యాల్నో చెప్పు, నేను చూసుకుంటా" అన్నాడు. వారం తరువాత రెండు చట్రాలు తెచ్చాడు. అద్దం వెనక కళాయి నడిమధ్యన ఆవగింజంత గీకి, ఆ కంతలోంచి చూసి గురిపెట్టే ఏర్పాటు కూడా ఆయన చేతిదే. డబ్బులంటే, "కొండ మీంచి సముద్రంతో మాట్లాడితివా, అప్పుడిద్దువులే" అన్నాడు.

బండికి, ఎడ్ల మేతకి, దారి బత్తేనికి, దీవికి దాటించే పడవకి డబ్బు ఎట్లా అన్నది మిగిలింది. ఒక పొద్దున ఒక ముసలమ్మ చిన్నాయన వాకిట్లోకి వచ్చి కొంగు చాటునుంచి మూతికి గుడ్డ కట్టిన ముంత తీసింది. కరువులో చచ్చిన కొడుకు బూడిద, బొమికలు. పెన్నలో నీళ్ళు లేని ఏడు అది. ఎక్కడ కలపాలో తెలియక చూరులో దోపి ఉంచింది. "సముద్రం దాకా పోతావంట గదబ్బయా. మావోణ్ణి గూడా తీసకపో. బండిలో యాడో ఒక మూలన కూసుంటాడు" అని, ముంత పక్కన మానిక బియ్యం పెట్టింది. చిన్నాయన ఆ ముంతని రెండు చేతులా అందుకుని లోపలికి తీసుకుపోయి పిన్నమ్మ ముంత పక్కన పెట్టాడు. ఆయన చూరులోనూ ఒకటి ఉందని నాకు ఆ రోజు దాకా తెలియదు.

వారంలో పద్దెనిమిది ఇళ్ళ నుంచి ముంతలు వచ్చాయి. ముంతతో పాటు బియ్యమో, వరిగడ్డి మోపో, కొంగుముడిలోంచి తీసిన డబ్బో. నా రెండు గంటల ఉపన్యాసం తేలేని చందా, నోరు లేని ముంతలు తెచ్చాయి. నేను భగ్గుమన్నాను. శాస్త్రం కోసం పోయే బండిలో అస్థికలు పోవడానికి వీల్లేదన్నాను. ఇన్నాళ్ళూ మేము నోరు నొప్పి పెట్టేలా వాదించిందంతా ఏమవుతుందన్నాను. చిన్నాయన ఎడ్లకి తౌడు కలుపుతూ వింటున్నాడు. చివరికి, "ఒరే, నాకు వెలుగు గావాల. నీకు వాదం గావాల. ఈ బండిలో రెంటికీ చోటు లేదురా" అన్నాడు.

ఆ తరువాత ఇంకో ఏర్పాటు కూడా జరిగింది. ఒక్కో ముంత సముద్రంలో కలిసిందని తెలియడానికి దీవి నుంచి ఒక్కో వెలుగు వెయ్యాలి. ఇళ్ళవాళ్ళు దుర్గమెక్కి చూస్తారు. పెద్దలే సాక్షులు. కలిపే రోజు అమావాస్య కావాలన్నారు. ఆ నెల అమావాస్య ఆదివారం పడింది, నాకూ బడి సెలవు, సరే అన్నాను. ఇక వేళ. పొద్దున సూర్యుడు తూర్పున ఉంటాడు గనక దుర్గం మీది అద్దం నుంచి మేము వెలుగు వేస్తాం. దాన్ని పట్టుకుని చిన్నాయన తన అద్దాన్ని గురి చేసుకుంటాడు. పొద్దు పడమటికి వాలాక ఆయన వేస్తాడు. ఏ వేళకి వెయ్యాలన్నది కొండ మీద లెక్క చూసేవాణ్ణి గనక నన్నే చెప్పమన్నాడు. నేను పంచాంగం తెప్పించాను. మా ఇంట్లో పంచాంగం ఉండదు, కరణంగారింటి నుంచి తెప్పించాను. ఆదివారం రాహుకాలం పొద్దుగూకే ముందరి గంటన్నర అని చూసుకుని, సరిగ్గా ఆ గంటన్నరే ఖాయం చేశాను. మధ్యాహ్నం మూడింటికి పెట్టినా వెలుగు అట్లాగే వచ్చేది. అంతకన్నా బాగా వచ్చేది. కరణంగారు వచ్చి మెల్లగా చెప్పారు: "పోయినోళ్ళ వెలుగుని ఆ వేళలో ఎవురూ కంటజూడరు నాయనా. కొంచెం ముందుకు జరుపు." రోజు మీది, గంట నాది అన్నాను. చిన్నాయన కూడా ఒకసారి అడిగాడు. ఆయనకీ అదే చెప్పాను. "సరే, నీ ఇష్టం" అని బండెక్కాడు. వరికుంటపాడు బండివాడొకడు తోడు. బండి కదిలేటప్పుడు ముంతల కింద వరిగడ్డి పరిచి, గతుకులకి దొర్లకుండా మా అవ్వ తన చీరలే మధ్యమధ్య దోపింది.

వాళ్ళు వెళ్ళిన పదో రోజు ఆదివారం. తెల్లవారకముందే ఉస్తాదూ నేనూ అద్దం మోసుకుని దుర్గమెక్కాం. పొద్దు బారెడెక్కాక తూర్పు అంచు పొడుగునా అద్దాన్ని అటూ ఇటూ తిప్పుతూ వెలుగు వేశాం. అందిందో లేదో తెలిసే దారి లేదు. మధ్యాహ్నానికి జనం రావడం మొదలైంది. ముంతలిచ్చిన పద్దెనిమిది ఇళ్ళవాళ్ళూ వచ్చారు, కరణంగారు వచ్చారు, రెడ్లు వచ్చారు. మా అవ్వని బండివాడి తమ్ముడు వీపున మోసుకొచ్చాడు. వాళ్ళందరి నమ్మకం ఒకటే: చిన్నాయన బుద్ధిమంతుడు, నా మాట పక్కనబెట్టి వేళకి ముందే వెలుగు వేస్తాడని. ఆయన బుద్ధిమంతుడే. అయితే తంతి మనిషి. ఒప్పుకున్న వేళని నిమిషం ఇటు అటు చెయ్యడు. మూడు దాటింది, నాలుగు దాటింది. తూర్పున ఏమీ లేదు. రాహుకాలం దగ్గరపడగానే కరణంగారు లేచి నిలబడ్డారు. పాత కోటగోడ మొండి ఒకటి అక్కడ మనిషెత్తు ఉండేది. అందరూ పోయి దాని వెనక, తూర్పుకి వీపులు పెట్టి కూర్చున్నారు. ఇవతల నేను, అవ్వ, పొద్దువాలాక చేసే అసరు నమాజు ముగించుకుని వచ్చిన ఉస్తాదు మిగిలాం. "మాకు నమాజు వేళ, వాళ్ళకి రాహువేళ, నీకు మొండివేళ" అన్నాడు ఉస్తాదు. "పాపం ఆ సూర్యుడొక్కడికే ఏ వేళా లేదు."

అప్పుడు కనబడింది. ఆకాశం నేలని అంటుకునేచోట, చీకటి పడకుండానే, ఒక చుక్క పొడిచింది. సూదిమొనంత. ఆరిపోయింది. "ఒకటి" అని అరిచాను. మళ్ళీ మెరిసింది. "రెండు." గోడ వెనక నుంచి ఒక గొంతు సన్నగా ఏడుపు ఎత్తుకుంది, ఆ ముసలమ్మది. వెలుగుల వరస బండి ఎక్కించిన వరసే గనక ఎవరి ముంత ఎన్నోదో ఇళ్ళవాళ్ళకి తెలుసు. నేను లెక్క పలికినప్పుడల్లా గోడ వెనక ఇంకో ఇల్లు ఏడ్చేది. "ఇట్లా వచ్చి చూడండి, ఒక్కసారి తల తిప్పండి" అని బతిమాలాను. అంతకుముందు నేనెవరినీ బతిమాలి ఎరగను. ఒక్కరూ రాలేదు. పద్దెనిమిది అయ్యాయి. పంతొమ్మిదోది పిన్నమ్మది. అది ఆరలేదు. సూర్యుడు కదులుతాడు, అద్దాన్ని క్షణం క్షణం సర్దుతుంటేనే వెలుగు నిలుస్తుంది. అంటే అంతసేపూ చిన్నాయన చేయి అద్దం మీదే ఉందన్నమాట. అవ్వ చేతులు జోడించలేదు. ఎండ పూర్తిగా పోయేదాకా కళ్ళార్పకుండా అటే చూసింది.

దిగేటప్పుడు ఒక్కొక్కరూ నా దగ్గరికి వచ్చి అడిగారు. "మావోడిది బాగా వెలిగిందా పంతులూ?" వెలిగిందన్నాను. అందరూ నమ్మారు. సందేహమన్న మాటే లేదు. ఇక చేవ్రాలు చెయ్యండని మరునాడు అర్జీ కాగితం తీసుకుపోతే కరణంగారు చదివి మడిచి ఇచ్చేశారు. "ఇందులో 'చూసినాము' అని ఉండాది. మేం చూడలా, విన్నాం. చూడందాన్ని చూసినామని చెప్పేవాడు దొంగని మొన్న కచేరీ కాడ నువ్వే గదా చెప్తివి." ఇల్లిల్లూ తిరిగాను. వెలుగు వచ్చిందని ప్రమాణం చేస్తామన్నారు, చూశామని మాత్రం ఒక్కరూ వేలు పెట్టలేదు. నా ఉపన్యాసం వృథా కాలేదని ఆ రోజు తెలిసింది. మిగిలిన సాక్షులు ముగ్గురం: వాదానికి దిగిన పంతులు, అద్దం చేసిన ఉస్తాదు, పంపినవాడి తల్లి. తాలూకా కచేరీ గుమాస్తా ఆ మూడు పేర్లూ చూసి నవ్వి కాగితం తిరిగిచ్చాడు.

చిన్నాయన మరో పది రోజులకి వచ్చాడు. దీవిలో ఒక పట్టపు ఆడమనిషి "ఏందయ్యా, కొండకి అద్దం చూపిస్తా ఉండావు, దానికి బొట్టు పెట్టుకోవాల్నా?" అని అడిగిందని చెప్పి నవ్వించాడు. తరువాత, "ఎంతమంది చూసినార్రా?" అన్నాడు. చెప్పాను. ఆయన వేళ్ళు అరుగు మీద ఆడటం ఆగింది. ఇంకోసారి పోదాం, మధ్యాహ్నం పూట పెడదాం అన్నాను. "ముంతలన్నీ పోయినాయి గదా," అన్నాడు. "ఇంక చందా రావాలంటే మళ్ళీ కరువు రావాలరా." అంతే. ఆ తరువాత ఆయన పన్నెండేళ్ళు బతికాడు. నన్ను ఒక్క మాట అనలేదు, నాతో కలిసి భోంచేశాడు, నా పిల్లలకి టకటకలు నేర్పాడు.

పంచాంగాన్ని నమ్మి ముహూర్తం పెట్టేవాణ్ణీ, దాన్ని కాదనడానికి ముహూర్తం పెట్టేవాణ్ణీ నడిపేది అదే పుస్తకం. ఈ మాట నేను తరువాత ఎన్నో సభల్లో చెప్పాను, చప్పట్లు కూడా కొట్టించుకున్నాను. చెప్పాల్సిన మనిషికి చెప్పలేదు. ఆ ఆదివారం కబురు అరవై మైళ్ళు దాటడానికి రెప్పపాటు పట్టింది. ఒకే అరుగు మీద జానెడు ఎడంగా కూర్చున్న మనిషికి "తప్పు నాదే చిన్నాయనా" అని చెప్పడానికి పన్నెండేళ్ళు చాలలేదు.