రంగూను ఓడలో మా అత్తయ్య కలిపిన గ్లాసు

మొన్న మా మనవరాలు విశాఖపట్నం నుంచి ఓడలో అండమాన్ వెళ్ళివచ్చిన కబుర్లు చెబుతూ, ఓడలో తాగడానికి ఏది అడిగినా ధర మండిపోతుందని ముందే విని, తనూ తన స్నేహితురాళ్ళూ బట్టల మధ్య సీసాలు సర్దుకుని తీసుకెళ్ళామని, సాయంత్రమయ్యేసరికి కేబిన్ తలుపు వేసుకుని రకరకాలుగా కలుపుకుని తాగేవాళ్ళమని సగం చెప్పి, ఎదురుగా కూర్చున్నది అమ్మమ్మ అన్న సంగతి అప్పుడు గుర్తుకొచ్చి నాలుక కరుచుకుంది. "జ్యూసులే అమ్మమ్మా" అంది చిన్న గొంతుతో. నేను కోప్పడతానని అది ఎదురుచూస్తూ ఉంటే, "ఓడ ఊగుతుంటే గ్లాసు ఒలికిపోకుండా ఎక్కడ పెట్టి కలిపారే?" అని అడిగాను. దాని మొహం చూడాలి మీరు. అప్పుడు దానికి చెప్పినదే ఇప్పుడు నా యీడు వాళ్ళ కోసం కొంచెం తీరికగా రాస్తున్నాను.

అవి పందొమ్మిది వందల ముప్ఫైలు. రంగూను అంటే అప్పట్లో మన గోదావరి జిల్లాల వాళ్ళకి పరాయిదేశంలా అనిపించేది కాదు, ప్రతి ఊళ్ళోనూ ఒకరిద్దరు అక్కడి మిల్లుల్లోనో రేవుల్లోనో పనిచేస్తూ ఉండేవారు. మా బావ అక్కడొక ఆసుపత్రిలో కాంపౌండరు. మా అక్కకి తొలిచూలు. పుట్టింటికి రావడానికి ఆరోగ్యం సహకరించడం లేదని, కాళ్ళూ చేతులూ వాస్తున్నాయని, డాక్టర్లు ప్రయాణం వద్దన్నారని బావ ఉత్తరం రాశాడు. ఆ ఉత్తరం చదివి మా అమ్మ వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదు. అమ్మకి అప్పటికే మోకాళ్ళ నొప్పులు, లేచి నాలుగడుగులు వెయ్యలేకపోయేది. అందుకని మా మేనత్త, ఆమెకి తోడుగా నేను బయలుదేరాలని మా నాన్న తేల్చేశారు. ఏలూరులో టీచరు ట్రైనింగు ముగించి ఉద్యోగం కోసం చూస్తున్న రోజులవి నాకు.

మా అత్తయ్య గురించి చెప్పకపోతే ఈ కథ మీకు అర్థం కాదు. ఆవిడ క్రైస్తవ మిషను తరఫున ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే బైబిల్ స్త్రీగా పనిచేసేది. తెల్లచీర, భుజాన సంచి, తాటిదోనెలో కొల్లేరు దాటి కొల్లేటికోట దాకా వెళ్ళి లంక గ్రామాల్లో ఆడవాళ్ళకి చదువు చెప్పేది, పాటలు నేర్పేది, మగవాళ్ళ చేత ఇక సారా ముట్టనని సంతకాలు పెట్టించేది. సంతకం రానివాళ్ళ చేత వేలిముద్ర వేయించేది. నా చేత కూడా పన్నెండో ఏట చేయించింది, అప్పటికి నేను సారా సీసా మొహమైనా ఎరగను. ఆ పట్టుదల వెనక ఒక దుఃఖం ఉండేది. మా మావయ్య తాగుడుకి అలవాటుపడి, పెళ్ళయిన నాలుగేళ్ళకే కాలేయం చెడి పోయాడు. ఆవిడ ఆ మాట ఎన్నడూ ఎత్తేది కాదు, మేమూ ఎత్తేవాళ్ళం కాదు.

ప్రయాణానికి ఆవిడ ఒక చెక్కపెట్టె తయారుచేసింది. కామవరపుకోట మెట్ట నుంచి వచ్చిన సుగంధిపాల వేళ్ళు కాచి పంచదార పాకం పట్టిన షర్బతు రెండు సీసాలు, నల్లజర్ల నిమ్మకాయలు ఇసకలో పాతిపెట్టిన డబ్బా ఒకటి, అల్లం, ఉప్పు, తాటికలకండ, వీటన్నిటికీ తోడు ఎండుగడ్డి చుట్టిన డజను గోళీసోడాలు. ఓడలో ఎవరి చేతి నీళ్ళు ఎలా ఉంటాయో ఏమోనని ఆవిడ భయం. ఆ ఎండకి తాడేపల్లిగూడెం స్టేషనులో బండి ఆగి ఉండగా ఒక సోడా ఢామ్మని పేలింది. రైలుపెట్టెలో జనం కిందామీదా పడ్డారు, ప్లాట్‌ఫారం మీది కానిస్టేబులు పరుగెత్తుకొచ్చాడు. అత్తయ్య తొణకలేదు. చెక్కపెట్టె తెరిచి చూపించి, "ఏవండీ, ఎండన పడి వచ్చారు, ఒకటి తాగి వెళ్ళండి" అని ఆయనకే ఒక సోడా కొట్టి ఇచ్చింది. ఆయన తాగి, నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

సామర్లకోటలో బండి మారి కాకినాడ చేరి, అక్కడి నుంచి లాంచీలో సముద్రంలోకి వెళ్ళి, దూరంగా లంగరు వేసుకున్న ఓడకి వేలాడే నిచ్చెన ఎక్కాం. బావ పట్టుబట్టి సెకండ్ క్లాసు టిక్కెట్లు తీయించాడు గనుక మాకు పైన డెక్కు మీద ఎండలో పడుకునే అవస్థ తప్పింది. గది అగ్గిపెట్టెంత. మూడు పడకలు, గుండ్రటి కిటికీ ఒకటి, గోడకి బిగించిన చేతులు కడుక్కునే తొట్టి ఒకటి. మూడో పడక మీద అప్పటికే ఒకావిడ కూర్చుని ఉంది. బెజవాడ రైల్వే కాలనీలో ఉండే ఆంగ్లో ఇండియన్ ఆవిడ, యాభై ఏళ్ళుంటాయి, గౌను, కత్తిరించిన జుట్టు. భర్త ఇంజను డ్రైవరట, పోయి రెండేళ్ళయిందట, రంగూనులో కూతురి దగ్గరికి వెళుతోందట. తెలుగు మనలాగే మాట్లాడేది. నేను మనసులో ఆవిడకి రైలు దొరసాని అని పేరు పెట్టుకున్నాను.

మొదటి సాయంత్రం పొద్దు వాలుతుండగా రైలు దొరసాని తన తోలుపెట్టె తెరిచింది. అందులో ఒక జిన్ను సీసా, ఏదో చేదుమందు చిన్నసీసా, ఒక కొలతగ్లాసు, ఒక పెద్దగ్లాసు ఎంతో పొందికగా అమర్చి ఉన్నాయి. గ్లాసు కదలకుండా ఆ తొట్టిలో నిలబెట్టి, కొలతగ్లాసుతో ఒక్క కొలత పోసి, చేదుమందు నాలుగు చుక్కలు వేసి, నీళ్ళు కలుపుకుని, కిటికీలోంచి చూస్తూ మెల్లిగా తాగింది. ఆ వాసన గది నిండిపోయింది. అత్తయ్య మొహం గోడవైపు తిప్పుకుని కీర్తన అందుకుంది, పక్కగదుల వాళ్ళకి కూడా వినిపించేలా. ఆ పాట అయ్యేదాకా ఆగి, రైలు దొరసాని గ్లాసు కడిగి పెట్టెలో సర్దుకుని, "మీ గొంతు బాగుందండీ" అంది. అత్తయ్య దుప్పటి ముసుగు పెట్టుకుంది. నాకు సిగ్గుతో తల వాలిపోయింది. పొద్దున్నే అత్తయ్య మమ్మల్ని వేరే గదికి మార్చమని ఓడ గుమాస్తాని అడిగి వచ్చింది గానీ ఖాళీ లేదన్నారు.

ఆ మధ్యాహ్నం సముద్రం మారింది. కొల్లేట్లో గాలివానకి దోనె తలకిందులైనా జంకని మనిషి మా అత్తయ్య, ఆ సంగతి దారి పొడుగునా నాకు చెబుతూనే వచ్చింది పాపం. అందరికంటే ముందు పడిపోయింది ఆవిడే. మూడోరోజుకి గుక్కెడు నీళ్ళు కూడా కడుపులో నిలవడం లేదు. పెదాలు పగిలిపోయాయి, కళ్ళు గుంటలు పడ్డాయి, పిలిస్తే పలకడం తగ్గింది. నాకూ తల తిరుగుతూనే ఉంది. ఓడ డాక్టరు వచ్చి ఒక పొడి ఇచ్చి, అదీ నిలవకపోతే కష్టమని ఇంగ్లీషులో అన్నాడు, నాకు అర్థం కాదనుకున్నాడు కాబోలు. అక్క కాన్పు కోసం వెళుతున్న మనిషి అక్కడికి చేరదేమోనన్న ఆలోచన నాకు ఆ క్షణంలో మొదటిసారి వచ్చింది. గుమ్మం పట్టుకుని నిలబడి ఏడ్చాను.

రైలు దొరసాని నన్ను పక్కకి జరిపి, మా చెక్కపెట్టె తెరిచి ఒక్కొక్కటీ తీసి వాసన చూసింది. "నా చేదుమందు నాలుగు చుక్కలు వేస్తే కడుపు తొందరగా కుదుటపడుతుందమ్మా. కానీ అందులో సారా ఉంటుంది. ఆవిడతో చెప్పకుండా నేను వెయ్యను" అంది. వంగి అత్తయ్య చెవి దగ్గర అదే మాట చెప్పింది. అత్తయ్య కళ్ళు తెరవకుండానే తల అడ్డంగా ఊపింది. నాకు ఆ తల ఊపడం చూసి కోపం వచ్చింది. "వేసెయ్యండి, ఆవిడకి ఎలా తెలుస్తుంది?" అన్నాను. ఆ మాట అన్నది నేనేనని ఇన్నేళ్ళకి ఒప్పుకుంటున్నాను. ఆవిడ నా వైపు చూసి, "నాకు తెలుస్తుంది కదమ్మా" అని, కోప్పడకుండా గ్లాసు కడగడం మొదలుపెట్టింది.

సోడాలో ఉప్పు, నిమ్మరసం, అల్లం దంచి పిండిన రసం, సుగంధి షర్బతు చెంచాడు. ముందు తను ఒక గుక్క తాగి చూపించి, తరవాత చెంచాతో అత్తయ్య పెదాల మీద ఒక్కొక్క చుక్కా పెట్టింది. చెంచాకీ చెంచాకీ మధ్య వంద లెక్కపెట్టమని నాకు పని అప్పగించింది. మొదటి చెంచాలు నిలవలేదు. ఆవిడ మళ్ళీ కలిపింది, ఈసారి ఉప్పు తగ్గించింది. అలా మధ్యాహ్నమంతా గడిచింది. పొద్దు వాలేవేళకి అత్తయ్య అరగ్లాసు తాగి, ఒంటికి చెమట పట్టి, నిద్రపోయింది. ఆ సాయంత్రం రైలు దొరసాని తన తోలుపెట్టె తెరవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కిటికీ వైపు చూస్తూ కూర్చుంది.

మర్నాడు సముద్రం నెమ్మదించింది. అత్తయ్య దిండుకి ఆనుకుని లేచి కూర్చుంది. కాసేపటికి ఆవిడే మాట కలిపింది.

"నిన్న సాయంత్రం మీరు తాగలేదుటగా. పిల్ల చెప్పింది."

"మీకు వాసన పడదని మానేశానండీ."

"రోజూ తాగుతారా?"

"ఒక్క గ్లాసు. ఆ వేళకి మా ఆయన డ్యూటీ దిగి వచ్చేవాడు. మొహం కడుక్కుని ఇద్దరికీ తనే కలిపేవాడు. ఆయన పోయాక ఆ వేళ ఏం చెయ్యాలో తెలియక నేనే కలుపుకుంటున్నాను."

అత్తయ్య దుప్పటి అంచు సర్దుకుంది. తరవాత, నా ఎదుట ఎన్నడూ పలకని మాట పలికింది. "మా ఆయన కూడా ఆ వేళకే తాగేవాడండీ. ఒక్క గ్లాసుతో ఆగలేకపోయాడు" అంది. మావయ్య ఎలా ఉండేవాడో, తాగని రోజుల్లో ఎంత బాగా పాడేవాడో, చివరి నెలల్లో ఎలా అయిపోయాడో అన్నీ చెప్పింది. ఇంట్లో పుట్టి పెరిగిన నాకు చెప్పనిది నాలుగు రోజుల పరిచయం లేని మనిషికి చెప్పింది. నేను పై పడక మీద నిద్ర నటిస్తూ అంతా విన్నాను.

ఆ సాయంత్రమే ఓడలో మాకు ఆఖరి సాయంత్రం. ఎండ కిటికీలోంచి ఎర్రగా పడుతుండగా అత్తయ్య గోడ పట్టుకుని లేచింది. రైలు దొరసాని దగ్గరున్న పెద్దగ్లాసు తనే అడిగి తీసుకుని, తొట్టిలో నిలబెట్టి, నిమ్మకాయ కోసి పిండింది, అల్లం రసం వేసింది, సుగంధి షర్బతు వంచింది, మిగిలిన సోడాల్లో ఒకటి కొట్టి మూడొంతులు నింపింది. గ్లాసు ఆవిడ వైపు జరిపి, "మిగతాది మీరు పోసుకోండి. నేను అటు తిరుగుతాను" అంది. అన్నట్టే గోడవైపు తిరిగి కూర్చుంది. ఆ పూట పాట పాడలేదు. వెనక సీసా మూత తీసిన చప్పుడు, కొలతగ్లాసు చప్పుడు నాకు వినిపించాయి. రైలు దొరసాని ఒక గుక్క తాగి, "ఇంత బాగా మా ఆయన కూడా కలపలేదండీ" అంది. అత్తయ్య భుజాలు కదిలాయి. నవ్విందో ఏడ్చిందో నాకు కనపడలేదు.

రంగూనులో దిగిన పదకొండోరోజున అక్క ప్రసవించింది. కష్టమైన కాన్పే. అత్తయ్య లోపల అక్క చెయ్యి పట్టుకుని ఉంటే, కబురు తెలిసి వచ్చిన రైలు దొరసాని బయట వరండాలో నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఆడపిల్ల. తల్లీ పిల్లా ఇద్దరూ దక్కారు. మేము అక్కడున్న ఆరు నెలలూ ఆవిడ ఆదివారం ఆదివారం వచ్చేది, అత్తయ్య చేత మా కీర్తనలు పాడించుకునేది. తిరిగి వచ్చాక కూడా కొన్నేళ్ళు ఉత్తరాలు నడిచాయి. తరవాత యుద్ధం రంగూను దాకా వచ్చింది. మా అక్కావాళ్ళు ఆ పిల్లని మార్చిమార్చి ఎత్తుకుని కొండలూ అడవులూ నడిచి, పుల్లల్లా అయిపోయి ఇల్లు చేరారు. చేరారు, అదే చాలనుకున్నాం. రైలు దొరసాని ఏమైందో తెలియలేదు. అత్తయ్య బతికినన్నాళ్ళూ సాయంత్రం ప్రార్థనలో ఆవిడ పేరు తలిచేది. సంతకాలు పెట్టించడం మానలేదు గానీ, పెట్టలేనన్న వాళ్ళ ఇంట్లో కూడా ఆ తరవాత కూర్చుని మాట్లాడి వచ్చేది.

ఇప్పుడు కాకినాడలో రంగూను ఓడ ఎప్పుడని అడిగితే పిచ్చివాళ్ళనుకుంటారు. మా మనవరాలు మంచిపిల్ల, దాని స్నేహితురాళ్ళూ మంచివాళ్ళే. తమకి నచ్చినవాళ్ళని ఎంచుకుని, నలుగురూ ఒకే గది తీసుకుని, హాయిగా వెళ్ళి హాయిగా వచ్చారు. మాకు టిక్కెట్టు మీద మా పడక నంబరు ఉండేది, పక్క పడక ఎవరిదో లోపలికి వెళ్ళాకే తెలిసేది. ఎనభై దాటిన ఈ వయసులో కళ్ళు మూసుకుని నాకు జరిగిన మేళ్ళన్నీ తలుచుకుంటుంటే, ఆ రోజు ఓడలో వేరే గది ఖాళీ లేకపోవడం కూడా అందులోకి వస్తుంది. అది మేలు ఎలా అవుతుందని మా మనవరాలు అడిగింది. ఇంత చెప్పినా దానికి పూర్తిగా నచ్చచెప్పలేకపోయాను.